మిక్సర్ నుంచి ఒక వైరు లాగండి

ఈ వారాంతం బంజారాహిల్స్‌లో నాలుగైదు చోట్లైనా బ్యాండ్లు వాయిస్తాయి. సోమవారం పొద్దున్నకి వాటి ఆనవాలుగా మిగిలేది ఇన్‌స్టాలో నిలువుగా తీసిన ముప్పై సెకన్ల ముక్క. అందులో గొంతు చీలిపోయి ఉంటుంది, డ్రమ్స్ ఎక్కడో పక్కింట్లో వాయించినట్టుంటాయి, ముందు వరసలోని ఎవరిదో చెయ్యి సగం తెర కప్పేసి ఉంటుంది. ఇరవై ఏళ్ల తర్వాత హైదరాబాద్‌లో తెలుగు బ్యాండ్లు ఎలా వాయించేవని ఎవరైనా అడిగితే చూపించడానికి మన దగ్గర ఉండేది ఇదే. ఇది మారాలి. మార్చడానికి అయ్యే ఖర్చు కూడా మీరనుకున్నంత ఉండదు.

నేను రాక్ విమర్శకుణ్ణి కాను, వీడియో తీసేవాణ్ణి. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో, జావా, పైథాన్ కోచింగ్ బోర్డుల మధ్య నా స్టూడియో ఉంది. పానాసోనిక్ ఎం సెవెన్ కెమెరా భుజాన వేసుకుని, అసిస్టెంటు చేత హేలోజన్ లైటు పట్టించుకుని పెళ్లిళ్లు తీసిన కాలం నుంచి ఈ పనిలోనే ఉన్నాను. ఇల్లు గడిచేది పెళ్లిళ్ల మీద. పెళ్లి లేని శనివారం మాత్రం పంజాగుట్ట దాటి రోడ్ నంబర్ 1 ఎక్కుతాను. అటు లామకాన్ ఉంది, ఇటు జీవీకే వన్‌లో హార్డ్ రాక్ కేఫ్ ఉంది. రెండింటి మధ్య దూరం తక్కువే గానీ, ఒకచోట చాయ్, సమోసాతో రాతి మెట్ల మీద కూర్చుని వింటారు, ఇంకోచోట చేతిలో గ్లాసుతో నిలబడి వింటారు. వాయించే కుర్రాళ్లు మాత్రం చాలాసార్లు వాళ్లే. వారమంతా హైటెక్ సిటీలో కోడ్ రాసి, శనివారం సాయంత్రం గిటార్ సంచీ వీపున తగిలించుకుని మెట్రో దిగుతారు.

ఆ కుర్రాళ్లు నన్ను అడిగేది ఎప్పుడూ ఒకటే. ‘‘అన్నా, రీల్‌కి పనికొచ్చేలా ముప్పై సెకన్లు కట్ చేసి ఇవ్వు చాలు.’’ మిగతా గంటన్నర ఏం చెయ్యమంటావు తమ్ముడూ అంటే, ‘‘డిలీట్ చేసెయ్ అన్నా, స్పేస్ తింటది’’ అంటారు. కాళ్లు కడిగే తంతు నుంచి అప్పగింతల దాకా ఒక్క నిమిషం పోయినా ఊరుకోని ఇళ్లలో పుట్టిన పిల్లలే ఈ మాటనేది!

బయటి బ్యాండ్లు ఈ విషయంలో ఏం చేశాయో చూడండి. మెటాలికా బేస్ గిటారిస్టు క్లిఫ్ బర్టన్ 1986 సెప్టెంబర్ 27న స్వీడన్‌లో టూర్ బస్సు బోల్తాపడి చనిపోయాడు. అప్పటికి అతనికి 24 ఏళ్లు. ఆ బ్యాండ్ అప్పటిదాకా ఒక్క మ్యూజిక్ వీడియో కూడా తీయలేదు. టీవీలో అందంగా కనపడటం తమకు అక్కర్లేదన్న పట్టుదలతో ఉండేవాళ్లు. మనిషి పోయాక చూసుకుంటే అతను స్టేజీ మీద ఎలా ఉండేవాడో చూపించే సరైన సినిమా లేదు. ఉన్నదల్లా అభిమానులు దొంగచాటుగా తీసుకున్న వీడియోలు, టీవీవాళ్ల దగ్గరి ముక్కలు. వాటినే పోగేసి, మధ్యమధ్యలో తమ మాటలు కలిపి, 1987 నవంబర్‌లో ‘క్లిఫ్ ఎమ్ ఆల్’ అనే వీహెచ్ఎస్ క్యాసెట్టుగా విడుదల చేశారు. బొమ్మ ఊగుతుంది, రంగు కారుతుంది, శబ్దం చాలాచోట్ల చెత్తగా ఉంటుంది. అయినా ఆ కుర్రాడు జుట్టు విదిలిస్తూ బేస్ మీద సోలో వాయిస్తుంటే లేచి నిలబడాలనిపిస్తుంది. వృత్తిరీత్యా నేను ఏ ఫుటేజీని చూసినా ముందు తప్పులే వెతుకుతాను. దాన్ని చూసినప్పుడు మాత్రం వెతకలేదు.

పింక్ ఫ్లాయిడ్‌ది ఇంకో దారి. 1971 అక్టోబర్‌లో ఇటలీలోని పాంపేయి శిథిలాల్లో, ప్రేక్షకుడనేవాడు లేకుండా, ఖాళీ రంగస్థలంలో వాయించి సినిమాగా తీయించుకున్నారు. దర్శకుడు ఆడ్రియన్ మేబెన్. ఆ సినిమా నెగెటివ్ బ్యాండ్ భాండారంలోని డబ్బాల్లో భద్రంగా ఉండబట్టే శుభ్రం చేసి 2025 ఏప్రిల్‌లో మళ్లీ థియేటర్లలో వేయగలిగారు. యాభై ఏళ్లు దాటిన నెగెటివ్ అది. నా స్టూడియోలో యాభై ఏళ్లు కాదు, పదిహేనేళ్ల నాటి మినీ డీవీ టేపు తీస్తేనే బొమ్మలో గళ్లు పడుతున్నాయి.

ఐరన్ మెయిడెన్ మాట మా సందులోని హాస్టల్ కుర్రాళ్లకి ఇంకా దగ్గరది. 2007 మార్చి 17న ఆ బ్యాండ్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయిస్తే కాచిగూడలో రైలెక్కి వెళ్లినవాళ్లు ఉన్నారు. మరుసటి ఏడాది ఫిబ్రవరి 1న ప్రపంచ టూర్‌ని ముంబైలో మొదలుపెట్టారు. గాయకుడు బ్రూస్ డికిన్సన్ స్వయంగా విమానం నడుపుకుంటూ ఊరూరూ తిరిగిన టూర్ అది. దాన్ని ‘ఫ్లైట్ 666’ పేరుతో 2009లో సినిమాగా, డిస్కుగా తెచ్చారు. అందులో ఒక్కో పాటకి ఒక్కో ఊరు, మొదటి పాట ముంబైది. మనదేశపు రాక్ అభిమాని మొహం అలా ఇంగ్లిష్ బ్యాండ్ డిస్కులో భద్రంగా ఉంది. మన బ్యాండ్ వీడియోలో మన శ్రోత మొహం ఎక్కడుంది?

‘రోజులు మారాయి, ఇప్పుడు డిస్కులు ఎవరు కొంటారు’ అంటారు. నిజమే, ఎవరూ కొనరు. నేను డిస్కు గురించి మాట్లాడటం లేదు. యూట్యూబ్‌లో పెట్టండి, థియేటర్లో ఒక ఆదివారం ఉదయం వేసుకోండి, హార్డ్ డిస్కులో పెట్టి అమ్ముకోండి, మీ ఇష్టం. పాటల వీడియోలు, ఊరూరా తిరిగిన ఫుటేజీ, బస్సులో పడుకున్న డ్రమ్మరు, సౌండ్ చెక్‌లో గొడవ, వీటన్నిటినీ ఒక వరసలో కూర్చి, ఇది మేము, ఇది ఫలానా ఏడాది అని సంతకం పెట్టి జనంలోకి వదలాలి అన్నది నా మాట. ముక్కలు ఆ పని చేయవు. 2025 ఫిబ్రవరి నాటి సంగతి చెబుతాను. ఇంగ్లిష్ గాయకుడు ఎడ్ షీరన్ ఆ నెల 2న రామోజీ ఫిల్మ్ సిటీలో పాడాడు. వారం తిరిగాక బెంగళూరులో శిల్పారావుతో కలిసి మన ‘దేవర’లోని ‘చుట్టమల్లే’ అందుకున్నాడు. తెలుగు పాట పాడింది హైదరాబాద్‌లో కాదు, బెంగళూరులో! ఆ క్లిప్ మనందరి ఫోన్లలోకీ వచ్చింది, మురిసిపోయాం. ఆ రాత్రి మిగతా కచేరీ ఎలా సాగిందో క్లిప్ చూసిన ఎవరినైనా అడగండి, చెప్పలేరు.

మన దగ్గర ఈ పని సగం చేసినవాళ్లు చౌరస్తా బ్యాండ్. రెగే తాళానికి తెలుగు పల్లె మాటను అతికించి ‘మాయ’, ‘ఊరెళ్లిపోతా మామా’ లాంటి సొంత పాటలకు వీడియోలు తీశారు. 2020లో కరోనా మీద చేసిన పాట ఇంటింటా మోగింది. తర్వాత ఆ బ్యాండ్ గాయకుడు రామ్ మిరియాల సినిమాల్లోకి వెళ్లి ‘జాతిరత్నాలు’లో ‘చిట్టి’ పాడాడు, ‘డీజే టిల్లు’ టైటిల్ పాట తానే కట్టి తానే పాడాడు. మంచిదే, ఎదిగినవాడు ఎదగాలి. కానీ ఆ పాత జట్టు అంతా కలిసి ఒక రాత్రి మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఎలా వాయించేదో చూద్దామంటే నాకు దొరకలేదు. వీడియోల్లో పాట ఉంది గానీ స్టేజీ లేదు. ఏ బ్యాండ్‌లోనైనా మనుషులు మారతారు. మారే ముందే తీసుకోవాలి.

అసలు పీటముడి ఇంకోచోట ఉంది, అది ఒప్పుకోక తప్పదు. మన బ్యాండ్లు వాయించేదాంట్లో ఎక్కువ భాగం సినిమా పాటలే. జనం అడుగుతారు, మేనేజరు అడుగుతాడు, పొట్ట కూడా అదే అడుగుతుంది. స్టేజీ మీద వాయిస్తే ఒక లెక్క, దాన్ని వీడియో తీసి విడుదల చేస్తే ఇంకో లెక్క. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణతో 31సి సెక్షన్ వచ్చింది. పాత పాటను కొత్తగా పాడి రికార్డు చేసుకోవడానికి అది దారి ఇస్తుంది. పాట వచ్చిన ఏడాది పోగా ఐదేళ్లు ఆగాలి, ఏడాదికి కనీసం 50 వేల కాపీలకు రాయల్టీ కట్టాలి. అంతా చేసినా అది శబ్దానికి మాత్రమే, బొమ్మకు కాదు. బొమ్మ కావాలంటే పాట హక్కుదారు దగ్గరికి వెళ్లి విడిగా అనుమతి తెచ్చుకోవాలి. ఇళయరాజా పాటల విషయంలో 2017 మార్చిలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం అంతటివారికే, అమెరికా టూర్ మధ్యలో ఉండగా, లాయరు నోటీసు వెళ్లింది. ఆ పాటలు ఇక వేదిక మీద పాడబోనని ఆయన చెప్పాల్సి వచ్చింది. ఇద్దరిలో ఎవరిది న్యాయమో తేల్చడం నా పని కాదు. కట్టినవాడికి హక్కు ఉండాల్సిందే. బాలుగారికే అలా జరిగితే మణికొండలో అద్దె గదిలో ఉండే గిటారిస్టు సంగతేమిటన్నది నా దిగులు.

నేను తీసిన ఒక షోకి అదే జరిగింది. రెండు కెమెరాలు, బ్రహ్మాండమైన జనం. యూట్యూబ్‌లో పెట్టిన రోజే ఒక కంపెనీ పేరు మీద క్లెయిమ్ వచ్చి మధ్యలో నలభై నిమిషాలు మూగబోయింది. గాయకుడు నోరు తెరుస్తాడు, జనం ఊగుతారు, శబ్దం లేదు. ఆ షోలో వాళ్ల సొంత పాటలు మూడు ఉన్నాయి. అవి మాత్రం చక్కగా వినిపించాయి. కుర్రాళ్లు ఆ కంపెనీని తిట్టుకున్నారు. నేను ఆ మూడు పాటల్నే మళ్లీ మళ్లీ చూశాను, వీడియోగా నిలబడేది ఆ మూడే కాబట్టి. సొంత పాటలు పెంచుకోకుండా సొంత వీడియో ఉండదు. కవర్ బ్యాండ్‌గా బతకడం తప్పు కాదు, కానీ గంటన్నరలో ఒక అరగంట మీదిగా ఉంటే ఆ అరగంటను ఎవరూ మూగబోనివ్వలేరు.

ఇక పని సంగతి. కెమెరా ఎవరిదైనా ఫర్వాలేదు, ముందు శబ్దం చూసుకోండి. బొమ్మ ఊగినా జనం క్షమిస్తారు, శబ్దం చీలితే మరుక్షణం వేలు పైకి జరుపుతారు. సౌండ్ ఇంజినీరు దగ్గర డిజిటల్ మిక్సర్ ఉంటే చాలాసార్లు దానికే పెన్‌డ్రైవ్ పెట్టుకునే చోటు ఉంటుంది. బటన్ నొక్కితే షో అంతా స్టీరియోలో రికార్డు అవుతుంది. పాత బోర్డు అయితే లైన్ అవుట్ నుంచి ఒక వైరు లాగి చిన్న రికార్డరుకి పెట్టండి. అయితే అక్కడొక మెలిక ఉంది. చిన్న హాల్లో డ్రమ్స్ వాటంతట అవే చెవులు పగలగొడతాయి కాబట్టి ఇంజినీరు వాటిని బోర్డులో పెద్దగా పెంచడు. ఇంటికెళ్లి వింటే గొంతు మీదపడుతుంది, డ్రమ్స్ వినిపించవు. చప్పట్లు, ఈలలు అసలే ఉండవు. అందుకే హాలు వెనక గోడ దగ్గర ఇంకో రికార్డరు పెట్టి, ఎడిటింగ్‌లో రెండూ కలపాలి. మొదట్లో డ్రమ్మరు చేత ఒక్కసారి స్నేర్ కొట్టించండి, రెండు ట్రాకులూ దాని మీద జత కుదురుతాయి.

కెమెరా ఒకటి స్టాండు మీద కదలకుండా మొత్తం స్టేజీ పట్టేలా ఉండాలి, రెండోది చేతిలో. చాలా డీఎస్ఎల్ఆర్‌లు అరగంటకి ఒక్క సెకను ముందే ఆగిపోతాయి, పాటకీ పాటకీ మధ్య మళ్లీ నొక్కే మనిషిని పెట్టుకోండి. షట్టర్ యాభైలో ఒక వంతు దగ్గర ఉంచండి, లేదంటే మన కరెంటుకి ఎల్‌ఈడీ లైట్లు బొమ్మ మీద చారలు గీస్తాయి. ఎర్ర లైటు, నీలం లైటు తప్ప ఇంకేమీ వెయ్యని లైట్‌బాయ్‌ని బతిమాలి గాయకుడి మొహం మీద కాస్త తెల్ల లైటు వేయించండి. ఈ ఒక్క పనికే నాకు బతిమాలడం ఎక్కువ, ఒప్పుకోవడం తక్కువ.

వేదికల యజమానులకి ఒక విన్నపం. బోర్డు నుంచి వైరు అడిగితే ‘పాలసీ ఒప్పుకోదు’ అని ఒకచోట నన్ను వెనక్కి పంపారు. అదేం పాలసీయో, ఎవరికి లాభమో ఇప్పటికీ తెలియదు. మీ హాలు పేరు ప్రతి ఫ్రేములో ఉంటుంది, ఆ ప్రచారానికి మీరు పైసా పెట్టక్కర్లేదు. లామకాన్ ఒకప్పుడు డాక్యుమెంటరీలు తీసిన మొయీద్ హసన్ గారి ఇల్లు. ఆయన బంధువులు 2010లో దాన్ని అందరికీ తెరిచారు. అలాంటి చోట వాయించి కూడా రికార్డు చేసుకోకుండా ఇంటికి పోవడం నా మనసుకి నచ్చదు.

ఆడియో కంపెనీలకీ ఒక మాట. మీ పాటను వాయించే ప్రతి కుర్రాడూ మీకు శత్రువు కాదు. చిన్న బ్యాండ్లు ఏడాదికొకసారి, స్థిరమైన ధరకి, వీడియో హక్కు కొనుక్కునే పద్ధతి ఒకటి పెట్టండి. ఇప్పుడున్న పద్ధతిలో మీకూ డబ్బు రావడం లేదు, వాళ్లకీ వీడియో మిగలడం లేదు.

ఈ శనివారం రోడ్ నంబర్ 1 మీద వాయించబోయే తమ్ముళ్లూ, సౌండ్ చెక్‌కి వచ్చేటప్పుడు 32 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి ఫార్మాట్ చేసి జేబులో వేసుకోండి. రెండు గంటల షో అందులో ఒకటిన్నర జీబీ కూడా తినదు. తర్వాత దాన్ని రెండుచోట్ల కాపీ చేసుకుని, తేదీ, ఊరు, ఎవరెవరు వాయించారో రాసిపెట్టుకోండి. డిలీట్ మాత్రం చెయ్యకండి.