గృహవిజ్ఞానము: ప్లాస్టిక్ నలుసులు, సూక్ష్మజీవులు

గడచిన మాసమున పాలు తోడుకొనుటను గూర్చి వ్రాయుచు, సూక్ష్మజీవులన్నియు మనకు శత్రువులు కావనియు, పెరుగు, ఇడ్లీపిండి పులియుట మున్నగునవి వాని చలువయే యనియు మనవి చేసియుంటిమి. అది చదివి యొక సోదరి, కాలువలలో పేరుకొనుచున్న ప్లాస్టిక్ ఈ జీవుల నేమి చేయుచున్నదని మమ్ము ప్రశ్నించినారు. ప్రశ్న చిన్నది గాని విషయము పెద్దది.

అరటియాకు పెంటకుప్పలో వేసిన కొలది దినములకే మట్టిలో కలియును. ప్లాస్టిక్ అట్లు క్రుళ్లదు. ఎండకు పెళుసెక్కి, రాపిడికి తునుకలై, తుదకు నలుసులగును. 5 మిల్లీమీటర్లకు లోబడిన నలుసులను సూక్ష్మప్లాస్టిక్కులందురు. ఈ పేరు 2004లో బ్రిటనునందలి ప్లిమత్ విశ్వవిద్యాలయమునకు చెందిన రిచర్డ్ థాంప్సన్ పండితుడు సహచరులతో ప్రకటించిన వ్యాసము వలన వ్యాప్తికి వచ్చినది. ఇవి వీథిలోనే కాదు, మన చాకిరేవులోను పుట్టుచున్నవి. 6 కిలోల అక్రిలిక్ బట్టలను యంత్రములో ఒక్కమారు ఉతికినచో 7 లక్షలకు పైగా నూలుపోగులవంటి నలుసులు నీటిలో కలియవచ్చునని 2016లో ఆ విశ్వవిద్యాలయమువారే తెలిపిరి.

నాలుగు దినములు తోమని నీళ్లబిందెలో చేయి పెట్టి చూడుడు, జిగట తగులును. అది సూక్ష్మజీవులు కట్టుకొనిన కాపురము. నీటిలో తేలు ప్లాస్టిక్ నలుసుపైనను ఇట్టి కాపురమే యేర్పడును. 2013లో అమెరికా శాస్త్రజ్ఞులు ఉత్తర అట్లాంటిక్ సముద్రమున దొరకిన నలుసులను పరీక్షింపగా, చుట్టునున్న నీటిలోని జీవులు వేరు, నలుసుపై నున్నవి వేరు అని తేలినది. ఒక తునుకపై విబ్రియో జాతి జీవులు మెండుగా నుండెను. కలరా క్రిమియు ఈ జాతిలోనిదే. కలరా క్రిమియే యచట నున్నదని దీని యర్థము కాదు. కాని అలలపై తేలిపోవు పడవ దొరకినచో ఏ జీవి ఎచ్చట దిగునో యెవరెరుగుదురు?

కొన్ని జీవులకు పడవయైనది మరికొన్నిటికి విషమగుచున్నది. సముద్రమున ప్రోక్లోరోకాకస్ అను మిక్కిలి చిన్న జీవి కలదు. అది సూర్యరశ్మితో ఆహారము చేసికొనుచు ప్రాణవాయువును విడుచును. ప్లాస్టిక్ సంచుల నుండియు, పి.వి.సి. చాపల నుండియు ఊరిన రసాయనములు కలిసిన నీట దీని పెరుగుదలయు, ప్రాణవాయువు నిచ్చు శక్తియు తగ్గినవని 2019లో ఆస్ట్రేలియాయందలి మాక్వారీ విశ్వవిద్యాలయమువారు కనుగొనిరి. ఇది ప్రయోగశాలలోని ఫలితమే యైనను హెచ్చరికగా గ్రహింపవలసినది.

తల్లులు ముఖ్యముగా తెలియవలసిన దింకొకటి. 2025లో బోస్టన్ విశ్వవిద్యాలయమువారు ఇ. కోలై అను క్రిమిని ప్లాస్టిక్ నలుసులతో కలిపి పెంచిరి. అది నలుసులపై దట్టమైన జిగటపొర కట్టుకొని, పలు యాంటీబయాటిక్ మందులకు లొంగని శక్తిని సంపాదించెను. బిడ్డకు జ్వరము వచ్చినపుడు మందు పని చేయకపోవుటకన్న భయంకరమైన దేమున్నది?

ప్లాస్టిక్కును తిను జీవియు లేకపోలేదు. 2016లో జపాను శాస్త్రజ్ఞులు సకాయి పట్టణమున ఇడియోనెల్లా సకాయెన్సిస్ అను దానిని కనుగొన్నట్లు ప్రకటించిరి. అది నీళ్లసీసాల జాతి ప్లాస్టిక్ పలుచని పొరను 30 డిగ్రీల వేడిమిలో అరగించుకొనుటకు ఆరు వారములు పట్టెను. తక్కిన ప్లాస్టిక్కులు దానికి ఆహారము కావు. మనము పారవేసిన దెల్ల అది శుభ్రము చేయునని నమ్మి కూర్చుండరాదు.

కనుక బజారునకు గుడ్డసంచిని మరువకుడు. వేడి పులుసు, చారు ప్లాస్టిక్ సంచులలో తెప్పింపక, స్టీలు గిన్నె పంపుడు. చెత్తలోని ప్లాస్టిక్కును కాల్చకుడు, కాలువలో వేయకుడు. వైద్యుడు చెప్పనిదే యాంటీబయాటిక్ మందులు కొనకుడు. ఒకసారి వాడి పారవేయు కొన్ని వస్తువులను మన ప్రభుత్వము 2022 జులై 1 నుండి నిషేధించినది. కాని చట్టము వీథి గుమ్మమువరకే రాగలదు. వంటింటిలో శాసనము మనదే గదా!