ఆదేశమా? ఆగమమా? – పాత బుల్లెట్టు, కొత్త ఫోర్కు

మోటారు సైకిళ్ల గొడవ తెలుగు పండితుడికెందుకని మిత్రులు నవ్వవచ్చు. నవ్వండి. ముప్పయ్యేళ్లపాటు కాలువ గట్ల మీద బుల్లెట్టుపైనే బడికి పోయివచ్చినవాణ్ణి. నుగాగమం చెప్పినంత నమ్మకంగా ముందు బ్రేకు లైనర్లు కూడా మార్చగలను. కనుక ఈ వివాదంలో నాకూ కొంత అధికారం ఉన్నదనే అనుకుంటున్నాను.

వివాదమిది. తాతల నాటి బుల్లెట్టును బాగుచేసి మళ్లీ రోడ్డెక్కించేటప్పుడు దాని ముందు ఫోర్కును, బ్రేకును మార్చవచ్చునా? రాజమండ్రిలో ఏ షెడ్డు ముందు నిలబడినా రెండు పక్షాలు కనిపిస్తాయి. ఒకటి, మరమేకు కూడా ముట్టరాదనే మడి పక్షం. రెండవది, తుక్కు దుకాణంలో దొరికినదల్లా తగిలించే జాతర పక్షం. ఒకరికి బండి పూజావిగ్రహం, మరొకరికి ఆటబొమ్మ. దాని మీద మనిషి కూర్చుంటాడన్న సంగతి మాత్రం ఇద్దరికీ గుర్తుండదు.

ముందు మడి పక్షం సంగతి చూద్దాం. వీరి వాదమంతా 'మూలరూపం' అనే ఒక్క మాట మీద నిలిచి ఉంది. ఏది మూలరూపం? బుల్లెట్టు అనే పేరు 1932లో పుట్టింది. ఆనాటి బండికి ఉన్నది గర్డరు ఫోర్కు. యుద్ధానంతరం వచ్చిన బుల్లెట్టుకు టెలిస్కోపిక్ ఫోర్కు పెట్టినది ఎవరు? తయారుచేసిన కంపెనీవారే. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైన తరువాత కూడా మార్పులు ఆగలేదు. ముందు చక్రానికి ఒక లీడింగు షూ ఉన్న బ్రేకు వచ్చింది, తరువాత రెండు లీడింగు షూలది వచ్చింది, చివరికి డిస్కు వచ్చింది. తాళపత్రాలలో పాఠభేదాలున్నట్లే ఈ బండికీ పాఠభేదాలున్నాయి. మీ తండ్రిగారు కొన్న సంవత్సరం నాటి ప్రతి ఒక్కటే ప్రామాణికమనడం భక్తి అనిపించుకుంటుంది గాని పరిష్కరణ అనిపించుకోదు.

పాత బ్రేకు పనిచేసే తీరు ఒకసారి తలచుకోండి. డ్రమ్ములో రెండు షూలుంటాయి. డ్రమ్ము తిరుగుడు వాటిలో ఒకదాన్ని తనలోకి లాగుకొని మరింత బిగిస్తుంది. అదే తిరుగుడు రెండవదాన్ని తోసివేస్తుంది. అంటే ఇద్దరు కూలీలలో ఒకడే పూర్తిగా పనిచేస్తున్నాడన్నమాట. బ్రేకు పట్టగానే బరువంతా ముందుకు వాలుతుంది గనుక బండిని ఆపే పనిలో పెద్ద వాటా ముందు చక్రానిదే. ఆ ముందు చక్రానికే ఈ అరకొర బ్రేకు! దానికి తోడు పాత బుల్లెట్టులో గేర్లు కుడికాలికి, వెనుక బ్రేకు ఎడమకాలికి ఉంటాయి. కొత్త బండ్లకు అలవాటుపడిన కుర్రవాడు ఆపదలో ఏ కాలు తొక్కుతాడో చెప్పనక్కరలేదు.

ఇక మన డెల్టా రోడ్ల సంగతి. ఒక పక్క కాలువ, మరొక పక్క పల్లపు చేలు, మధ్యన గట్టు. దాని మీద ఆరబోసిన ధాన్యం, మలుపు తిరగగానే గేదెల మంద, వానపడితే జారుడు ఒండ్రు. ఒక్కసారి నీళ్లలో దిగిన డ్రమ్ము ఆరేదాకా సరిగా పట్టదు. పూర్వం ముందు ఎడ్లబండి, వెనుక బుల్లెట్టు. ఇప్పుడు 2019 ఏప్రిల్ నుండి 125 సీసీ దాటిన ప్రతి కొత్త మోటారు సైకిలుకూ ఏబీఎస్ తప్పనిసరి. ముందు వెళ్లే కుర్రవాడు టక్కున ఆగుతాడు. వెనుక వచ్చే మీరు ఆగరు. మీ మూలరూపం వెళ్లి అతని వీపుకు తగులుతుంది.

గోదావరి వాళ్లకు ఈ విషయం నేను చెప్పాలా? రేవుకు వెళ్లి చూడండి. 1900లో రైళ్లకు తెరచిన హేవలాక్ వంతెన 1997లో విశ్రాంతి తీసుకుంది. దాన్ని ఉన్నదున్నట్లుగానే ఉంచారు, సంతోషమే. కాని దాని మీద రైలు నడవడం లేదు. ధవళేశ్వరం సంగతి వేరు. కాటన్ దొర 1852 నాటికి పూర్తిచేసిన ఆనకట్ట నీళ్లివ్వవలసిన కట్టడం, లక్షల ఎకరాలకు అన్నం పెట్టవలసిన కట్టడం. అందుకే అది పాతబడగానే కొత్త బ్యారేజి కట్టారు, పేరు మాత్రం కాటన్‌దే ఉంచారు. స్మారకమైతే యథాతథంగా ఉంచి పని మాన్పించాలి. పనిచేయవలసినదైతే పనికి తగినట్టు దిద్దుకోవాలి. యథాతథంగానూ ఉండాలి, రోజూ పరుగెత్తాలి అంటే కుదరదు.

ఇక జాతర పక్షం. వీరి మీద నా కోపం ఇంకా ఎక్కువ.

నా శిష్యుడొకడు, పేరెందుకు లెండి, వాళ్ల తాతగారి బుల్లెట్టుకు ఎక్కడి నుండో స్పోర్ట్సు బండి ఫోర్కు తెచ్చి తగిలించాడు. పంతొమ్మిది అంగుళాల చక్రం పోయి పదిహేడు అంగుళాలది వచ్చింది. ఫోర్కు కూడా పొట్టిది. ముందు భాగం కిందికి దిగింది, ఫోర్కు ఏటవాలు తగ్గి నిటారైంది. చక్రం నేలను తాకే చోటు హ్యాండిలు ఇరుసు గీతకు వెనుకగా ఉండే దూరం తగ్గింది. బండిని తిన్నగా నడిపించేది ఆ దూరమే. చూడడానికి సింహంలా ఉన్న ఆ బండి, నడిపితే లేగదూడలా గెంతేది. ఒకనాటి సాయంత్రం గట్టు మీద కంకరలో హ్యాండిలు వణికింది, భయపడి బ్రేకు నొక్కాడు. డిస్కు తన పని అద్భుతంగా చేసింది. దాన్ని ఓర్చే తీరే బండికి లేదు. మణికట్టు విరిగి మూడు నెలలు అన్నం ఎడమచేత్తో తిన్నాడు. 'ఏం కాదు సార్, అందరూ చేయించుకుంటున్నదే' అన్న మేస్త్రీ ఆ మూడు నెలలలో పలకరించడానికి కూడా రాలేదు.

బుల్లెట్టు హెడ్‌లైటు డొప్పలో రెండు చిన్న దీపాలుంటాయే, పిల్లి కళ్లలాగా! పాత ఫోర్కు గొట్టాలు ఆ డొప్పలోకే బిగుస్తాయి. ఫోర్కు మారితే ఆ ముఖమే పోతుంది. వాడి తాతగారి బండి ముఖం తూకానికి అమ్ముడుపోయింది. నాకు ఆ మణికట్టు కంటే ఇదే ఎక్కువ బాధ కలిగించిందంటే మీరు నన్ను తిడతారేమో, తిట్టండి.

వ్యాకరణ పాఠంలో ఒక మాట చెబుతుంటాం. ఆదేశం శత్రువులా వచ్చి ఉన్నవాణ్ణి వెళ్లగొట్టి ఆ చోట కూర్చుంటుంది, ఆగమం మిత్రుడిలా వచ్చి పక్కన చేరుతుంది. స్పోర్ట్సు బండి ఫోర్కు శత్రువు. అదే వంశంలో తరువాత పుట్టిన బ్రేకు మిత్రుడు. 'మాస్టారూ, అదీ ఆదేశమే కదా' అని ఎవరైనా అడగవచ్చు. సూక్ష్మంగా చూస్తే నిజమే. కాని స్థానిని పారవేయకుండా అటక మీద దాచి, ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్లీ కూర్చోబెట్టగలిగిన ఆదేశం మిత్రుడితో సమానమే.

కనుక నా సిద్ధాంతమిది. మొదట ఉన్నదాన్ని బాగుచేయండి. డ్రమ్మును లేతు మీద గుండ్రం చేయించండి, కొత్త లైనర్లు దానికి సరిగా ఒరిసేలా చూడండి, కేబుల్ మార్చండి. ఫోర్కులో నూనె, సీళ్లు, బుష్షులు, మెడలో కోన్‌సెట్టు కొత్తవి వేయండి. సగం ఫిర్యాదులు ఇక్కడే తీరిపోతాయి. చాలకపోతే అదే కంపెనీ రెండు లీడింగు షూల బ్రేకు పెట్టండి. అది వెనక్కి జారేటప్పుడు గట్టిగా పట్టదు గనుక గట్టు ఎక్కుడులో వెనుక బ్రేకు మరవకండి. అదీ చాలకపోతేనే డిస్కు. అప్పుడు ఫోర్కు, టీలు, చక్రం, క్యాలిపర్, మాస్టర్ సిలిండర్ అన్నీ ఒకే వంశపు ఒకే బండివి కావాలి, పొడవు పాతదానితో కొలిచి చూడాలి. పాత ఫోర్కు కాలికి క్యాలిపర్ కోసం చెవి వెల్డింగు చేయించేవాడు కపాలమోక్షానికి తానే ముహూర్తం పెట్టుకుంటున్నాడు. బ్రేకు నూనె గాలిలో చెమ్మను పీల్చుకుంటుంది గనుక మన తేమ గాలిలో రెండేళ్లకొకసారైనా మార్చాలి. ఛాసిస్‌ను మాత్రం కోయకూడదు, అతకకూడదు.

చట్టం సంగతీ తెలుసుకోండి. తయారీదారు ఇచ్చిన మౌలిక నిర్దేశాలు మారేలా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కనుక పని మొదలుపెట్టకముందే రవాణా కార్యాలయంలో అడగండి. 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటి, మూలరూపంలోనే ఉన్న బండికి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు ఇస్తారు. అయితే దాన్ని రోజువారీ పనులకు నడపరాదు. చూశారా! హేవలాక్ వంతెన న్యాయమే అక్కడా ఉంది. మడి పక్షం వారు ఆ నంబరు తీసుకొని, బండిని తుడుచుకొని, ప్రదర్శనలకు తీసుకువెళ్లండి. నేనూ వచ్చి చూసి దండం పెడతాను. కాని అదే బండి మీద మనవణ్ణి ఎక్కించుకొని లాకుల దాకా వెళతానంటే మాత్రం అడ్డుపడతాను.

పాత బండిని గౌరవించడమంటే అది మనల్ని ఇంటికి చేర్చేటట్టు ఉంచడమే. ఈ టపాతో విభేదించేవారు తప్పక వ్యాఖ్య రాయండి, వాదానికి నేను సిద్ధం. కాకపోతే రాసేముందు ఒకసారి పెరట్లోకి వెళ్లి, మీ బండి ముందు బ్రేకు పట్టి, ముందుకు నెట్టి చూసి రండి.