పనికి మాత్రమే కారు

టెక్సాసు రాష్ట్రమున కాపురమున్న తెలుగు సోదరి యొకతె మాకు జాబు వ్రాసినది. భర్తగారి లైసెన్సు నిలిపివేసిరట. పనిపాటలకు మాత్రము కారు నడపుకొనుటకై ఆక్యుపేషనల్ లైసెన్సు కోరుచు కోర్టున అర్జీ పెట్టినారట. “రోజునకు 4 గంటలు నడచు కారునకు అంత ప్రీమియమేల? లైసెన్సు చేతికి రాగానే బీమా యాపి యింటి యద్దెకు సర్దుకొందునా?” యని యడుగుచున్నది.

ఆపవలదు, సోదరీ! ఆ లైసెన్సు నిలుచునదే బీమా మీద. కంపెనీవారు ఎస్సార్-22 అను పత్రము ప్రభుత్వమునకు బంపినగాని యది రాదు. బీమా తప్పిన సంగతియు వారే తెలుపుదురు. అంతట లైసెన్సు మరల నిలిచిపోవును. ఉద్యోగమునకు బోవు దారి మూసికొన్న పిమ్మట అద్దె యెక్కడిది? సాధారణముగా 2 ఏండ్లు ఈ పత్రము చెల్లుబడిలో నుండవలయును.

అచ్చట పరుల నష్టమునకై కనీస బీమా ఒక్కరి గాయమునకు 30,000, ఒక ప్రమాదమున గాయపడిన వారందఱకు 60,000, సొత్తునకు 25,000 డాలర్లు. దీనిని ముట్టరాదు. పొదుపే కావలసినచో, అప్పు తీఱిన పాత కారైనయెడల స్వంత మరమ్మతులకై కట్టు భాగమును వదలుకొనవచ్చును. నాలుగు కంపెనీల ధరలు విచారింపుడు. ఎస్సార్-22 పత్రమును అందఱును ఈయరు.

ఇక కోర్టు ఉత్తరువు. ఏ దినములు, ఏ గంటలు, ఏ పనికి, ఏ ప్రాంతమున నడపవచ్చునో అందు వ్రాసియుండును. 4 గంటలు చాలవని చూపినచో 12 వఱకు పెంచవచ్చును. అత్యవసర గృహకృత్యములకును చట్టము చోటిచ్చినది. పురుషులు ఉద్యోగము మాట చెప్పి బియ్యము, మందులు, పిల్లల బడి మఱతురు (మా యింటను ఇంతియే). అవియు ఉత్తరువున నెక్కించుకొనుడు. దాని ధ్రువీకృతమైన నకలు లైసెన్సుతోపాటు వెంట నుండవలెను. ప్రీమియము గడువును పంచాంగములో ఏకాదశి ప్రక్కనే గుర్తుపెట్టుకొనుడు.