మొబైల్ ఆటలు – బాలల గణితము

బాలలకు ఆటయే తొలి బడి. వామనగుంటలలో చింతగింజలు పంచుతూ మన అమ్మమ్మలు లెక్క నేర్చుకున్నారు. పచ్చీసు ఆటకు ఆ పేరు వచ్చినదే ఇరవై ఐదు అను సంఖ్య వలన. గవ్వలు వేసి, ఎన్ని వెల్లకిల పడినవో చూచి కాయను జరిపిన పిల్లవానికి కూడిక అనిన బెదురుండదు. నేడు ఆ గవ్వల స్థానమును మొబైల్ ఫోను ఆక్రమించినది.

2016 అక్టోబరు 11న ఏర్పడిన మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో ఫోను చేరని పల్లె అరుదు. మరి ఆ ఫోనులోని ఆటలతో ప్రాథమిక పాఠశాల పిల్లలకు గణితము నేర్పవచ్చునా? నేర్పవచ్చుననియే నా అభిప్రాయము. అయితే ఆ ఆట బడిలో, ఉపాధ్యాయుని కనుసన్నలలో, పిల్లవానికి తెలిసిన భాషలో సాగవలెను. ఈ మూడింటిలో ఏది లోపించినను ప్రయోజనము స్వల్పము.

ఇందుకు ఆధారములు కలవు. 2002–2004 మధ్య గుజరాత్‌లోని వడోదర పురపాలక పాఠశాలలలో నాలుగవ తరగతి పిల్లలను ఇద్దరిద్దరిగా కంప్యూటరు ముందు కూర్చుండబెట్టి, వారమునకు రెండు గంటలు గణితపు ఆటలు ఆడించినారు. తరువాత నోబెల్ బహుమతి పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తమ సహచరులతో కలిసి ఆ ఫలితములను పరిశీలించినారు. పిల్లల మార్కులు చెప్పుకోదగినంతగా పెరిగినవి. కాని ఆట ఆగిన ఏడాదికి ఆ లాభములో అధిక భాగము కరిగిపోయినది. 2025లో వెలువడిన మరియొక పరిశోధనలో కలకత్తా, ఢిల్లీ బజారులలో సరుకులమ్మే బాలలు నోటిలెక్కలో ఘనులై యుండియు, బడిలో ఇచ్చెడి లెక్కల ముందు తడబడినట్లు తేలినది. అనగా ఒకచోట అబ్బిన లెక్క మరియొకచోటికి దానంతటది నడచిరాదు. చేయిపట్టి నడిపించువారు కావలెను.

ఆ చేయి ఉపాధ్యాయునిదే. తెరపై నాలుగు జవాబులుండగా ఒక్కొక్కదానిని తాకుతూ పోయిన పిల్లవానికి ఎప్పుడో ఒకప్పుడు సరియైనది తగులును; నక్షత్రములు రాలును, చప్పట్లు మ్రోగును. ఏడును ఐదును కలిపిన పన్నెండు ఎట్లైనదో అతనికి తెలియనే తెలియదు. అప్పుడు ఉపాధ్యాయుడు ఆట ఆపి, "ఐదులో నుండి మూడు తీసి ఏడుకిచ్చిన పది అగును గదా, ఇంకెన్ని మిగిలినవి?" అని అడిగి పలక మీద వ్రాయించినచో ఆట చదువుగా మారును.

ఇక భాష. తెలుగులో ఇరవై తొమ్మిది అనగనే ఇరవై, తొమ్మిది రెండును వినబడును. ఉర్దూ మాధ్యమపు బాలుడు దానినే 'ఉన్తీస్' అనును. అందులో దాగినది ముప్పదికి ఒకటి తక్కువ అను భావము. నూరు వరకు ఇట్టి పేర్లను అతడు విడివిడిగా గుర్తుంచుకొనవలెను. తండాలలో లంబాడీ, గూడెములలో కోయ పలికెడి పిల్లల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. వీరందరికి ఇంగ్లీషులో పలికెడి ఆటనిచ్చిన, లెక్క కంటె ముందు మాటయే అడ్డుగోడ యగును.

ఇంటివద్ద ఫోను సంగతి 2020లోనే తేటతెల్లమైనది. ఆ సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారా పాఠములు ప్రసారమైనవి. టీవీ లేని ఇంటి పిల్లలకు ఫోనే దిక్కు. ఉన్న ఒక్క ఫోను తండ్రితో కూలికో, బొగ్గుగనికో పోయినచో పాఠము లేదు. కనుక ఆటను ఇంటికి వదలి, "మీ పిల్లలే నేర్చుకొందురు" అనుట పేదవానికి అన్యాయము. బడికి నాలుగైదు పరికరములు, ఒక్కొక్కదానికి ముగ్గురు పిల్లలు, ఇరవై నిమిషముల ఆట, అంతే సేపు పలక పని – ఇది మన చిన్న బడులకు సైతము సాధ్యమే. ప్రాథమిక తరగతుల కొరకు 2022లో రాష్ట్రమున ప్రారంభమైన 'తొలిమెట్టు' కార్యక్రమములో దీనికి చోటు కల్పించవచ్చును.

గణితము, కంప్యూటరు శాస్త్రము చదువుచున్న మన విద్యార్థినీ విద్యార్థులకు ఒక మనవి. ఉర్దూలో, తెలుగులో సంఖ్యలు పలికెడి ఒక చిన్న ఆటను తయారుచేసి, సమీపమున గల ప్రాథమిక పాఠశాలకు తీసికొనిపోయి, ఆడించి చూడుడు. పిల్లలు ఎక్కడ తడబడుదురో ఆ బడి పంతులుగారిని అడిగి దిద్దుకొనుడు. రేపు మీలో పలువురు ఉపాధ్యాయులు కానున్నారు. ఆ పనికి ఇదియే మంచి నాంది.