సైకిలు పరుగుకు అదనం కాదు, ప్రత్యామ్నాయం

వ్యాయామానికి పూనుకొన్నవారిని ఏ వైద్యుడూ నిరుత్సాహపరచడు. నేనూ పరచను. కాని ‘నో పెయిన్, నో గెయిన్’ అనే నినాదాన్ని మాత్రం నిస్సంకోచంగా ఖండిస్తాను. వారానికి ఐదు రోజులు పరుగెత్తి, తక్కిన రెండు రోజులు సైకిలు తొక్కి, చివరకు మోకాలు పట్టుకొని కూర్చొన్నవారికి ఆ నినాదం నేర్పినవారెవరూ తోడు రారు.

పరుగుతో పాటు సైకిలు కూడా తొక్కితే గాయాలు దరిచేరవని పలువురి నమ్మకం. అందులో సగమే నిజం. కొంత పరుగును తగ్గించి, దాని స్థానంలో సైకిలు తొక్కితే మేలు కలుగుతుంది. పరుగును ఉన్నంతా ఉంచి, దానిపై సైకిలును కూడా మోపితే అది శరీరానికి భారమే.

గుండె వేగం వేరు, ఎముక వేగం వేరు

పరుగెత్తేటప్పుడు పాదం నేలను తాకిన ప్రతిసారీ శరీరపు బరువుకు 2 నుంచి 3 రెట్ల బలం ఆ కాలిపై పడుతుంది. నిమిషానికి 160 అడుగులు వేసేవారికి అరగంటలో రెండు కాళ్ళకూ కలిపి 4,800 తాకిళ్ళు. సైకిలుపై ఈ తాకిడి లేదు. శరీరపు బరువును సీటు, పెడళ్ళు, హ్యాండిలు పంచుకొంటాయి.

గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాలలోనే శ్రమకు అలవాటు పడతాయి. కండరాలను ఎముకలతో కలిపే స్నాయువులకు నెలలు కావాలి. ఎముకల విషయం మరీ విచిత్రం. కొత్త శ్రమకు గురైన ఎముకలో కొన్ని కణాలు ముందుగా పాత భాగాన్ని తొలగిస్తాయి. ఆ తరువాతే వేరే కణాలు కొత్త ఎముకను నిర్మిస్తాయి. తొలగింపు వారాలలో ముగుస్తుంది. నిర్మాణానికి నెలలు పడుతుంది. ఆ నడుమ పరుగు పెంచితే ఎముకలో సన్నని చీలిక ఏర్పడవచ్చు.

సైకిలు బాగా తొక్కేవారు ఇక్కడే మోసపోతారు. వారికి ఆయాసం రాదు కనుక మొదటి వారమే పది కిలోమీటర్లు పరుగెత్తగలరు. గుండె సరేనంటుంది, ఎముక ఇంకా సిద్ధపడలేదు. అలాగని సైకిలు ఒక్కటే చాలునా అంటే, అదీ చాలదు. ఏళ్ళ తరబడి సైకిలే తొక్కిన క్రీడాకారులలో వెన్నెముక సాంద్రత తక్కువగా ఉండటాన్ని పరిశోధకులు గమనించారు. ఎముకకు కొంత తాకిడి అవసరమే.

ఏమి చెయ్యాలి?

కొత్తవారు వారంలో మూడు రోజులు, ఒకటి విడిచి ఒకటిగా పరుగెత్తండి. రెండు రోజులు సైకిలు తొక్కండి. ఒక రోజు మడమలు పైకెత్తడం, గుంజీళ్ళ వంటి కండరాల వ్యాయామం చెయ్యండి. ఒక రోజు పూర్తిగా విశ్రమించండి. పరుగు మరునాడు సైకిలును మాట్లాడుతూ తొక్కగలిగినంత నెమ్మదిగానే తొక్కండి. ఎగశ్వాసతో తొక్కితే అది విశ్రాంతి కాదు. దూరాన్నీ, వేగాన్నీ ఒకే వారంలో పెంచవద్దు.

సైకిలు సీటును సరిచూసుకోండి. పెడలు అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. సీటు మరీ క్రిందికి ఉంటే మోకాలి చిప్ప దగ్గర, మరీ ఎత్తుగా ఉంటే మోకాలి వెనుక నొప్పి పుడుతుంది. బరువైన గేరులో కాళ్ళను పీడించే కంటే తేలిక గేరులో చురుకుగా తొక్కడం మోకాళ్ళకు మేలు.

మాత్ర మింగి పరుగెత్తకండి

హైదరాబాదులో మారథాన్ జరిగేది ఆగస్టులో, ఉక్కపోతలో, ఫ్లైఓవర్ల ఎత్తుపల్లాల మీద. అటువంటి పరుగుకు ముందు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పిమాత్రలు మింగేవారున్నారు. చెమటతో నీరు కోల్పోయిన శరీరంలో ఆ మాత్రలు మూత్రపిండాలకు రక్తప్రసరణను తగ్గిస్తాయి. పైగా నొప్పి అనే హెచ్చరికను కూడా అణచివేస్తాయి. పతకం కోసం మూత్రపిండాలను పణంగా పెట్టడం సాహసం కాదు, అవివేకం.

అన్ని నొప్పులూ ప్రమాదకరం కావు. రెండు కాళ్ళలోనూ సమంగా పుట్టి రెండు మూడు రోజులలో తగ్గే కండరాల నొప్పికి భయపడనక్కరలేదు. కాని ఎముకపై వేలు పెట్టి చూపగలిగే ఒకే చోట నొప్పి, పరుగెత్తే కొద్దీ పెరిగే నొప్పి, కుంటించే నొప్పి, రాత్రి నిద్ర చెడగొట్టే నొప్పి ఉంటే పరుగు ఆపి వైద్యుని సంప్రదించండి. తొలి వారాలలో ఎక్స్‌రేలో చీలిక కనిపించకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందని మళ్ళీ పరుగందుకోవద్దు. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే ఆ క్షణమే ఆగి అత్యవసర వైద్యసహాయం పొందండి. నలభై దాటినవారు, మధుమేహం, రక్తపోటు ఉన్నవారు పరీక్షలు చేయించుకొన్న తరువాతే కఠిన వ్యాయామానికి పూనుకోవాలి.

ఈ సంవత్సరం ఎన్ని కిలోమీటర్లు పరుగెత్తారన్నది ముఖ్యం కాదు. పదేళ్ళ తరువాత కూడా పరుగెత్తగలుగుతున్నారా అన్నదే ముఖ్యం. దానికి మన పెద్దల మాటే సరియైన నినాదం: నిదానమే ప్రధానం.