పంది కొవ్వు: మందం కొలిస్తే చాలదు

ఒకే మిల్లులో ఒకే ధాన్యాన్ని ఆడించినప్పుడు నూకలూ వస్తాయి, తవుడూ వస్తుంది. రెండూ పందుల దాణాలో చేరుతున్నవే. ధర, లభ్యత, మాంసకృత్తుల శాతం చూసి పెంపకందారు వాటిలో ఒకదానిని ఎంచుకుంటాడు. అతనికి అందే సలహా కూడా చాలావరకు ఆ మూడింటి చుట్టూనే తిరుగుతుంది. కాని ఈ రెండు దాణాలు పంది శరీరంలో రెండు భిన్నమైన కొవ్వులను నిలుపుతాయి. నూకలు ప్రధానంగా తిన్న పంది వీపు కొవ్వు తెల్లగా, గట్టిగా ఉంటుంది. నూనె తీయని తవుడు అధికంగా తిన్న పంది కొవ్వు మెత్తబడుతుంది, కోతలో కత్తికి నిలవదు, నిల్వలో త్వరగా వాసన పడుతుంది. మందం మాత్రం రెండింటిలోనూ ఒకటే ఉండవచ్చు. కొవ్వును మందంతోనే అంచనా వేసే అలవాటు ఈ తేడాను మరుగుపరుస్తున్నది.

దీనికి మూలం పంది జీర్ణవ్యవస్థలో ఉంది. నెమరువేసే పశువులలో దాణాతో వచ్చిన అసంతృప్త కొవ్వు ఆమ్లాలలో అధిక భాగాన్ని రూమెన్‌లోని సూక్ష్మజీవులు సంతృప్త ఆమ్లాలుగా మార్చివేస్తాయి. అందుకే గొర్రె ఏ మేత మేసినా దాని కొవ్వు గట్టిగానే గడ్డకడుతుంది. పందికి ఆ వడపోత లేదు. దాణాలోని కొవ్వు ఆమ్లాలు పేగులో శోషణ చెంది, పెద్దగా మార్పు లేకుండానే కొవ్వు కణజాలానికి చేరుతాయి. పిండిపదార్థం నుండి పంది స్వయంగా తయారు చేసుకునేవి పామిటిక్, స్టియరిక్, ఒలీయిక్ ఆమ్లాలు. లినోలిక్ ఆమ్లాన్ని అది తయారు చేసుకోలేదు. దాని కొవ్వులో కనిపించే లినోలిక్ అంతా దాణా నుండి వచ్చినదే. సాధారణ పంది కొవ్వులో ఒలీయిక్ 40 శాతానికి పైగా, పామిటిక్ 25 శాతానికి దరిదాపుగా, లినోలిక్ 10 శాతానికి అటూ ఇటూగా ఉంటాయి. ఈ చివరి అంకె 15 దాటితే కొవ్వు మెత్తబడినట్లేనని యూరప్ పరిశోధకులు పరిగణిస్తారు.

ఇందులో కొత్త సంగతి ఏదీ లేదు. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో పందులను వేరుసెనగ చేలలోకి వదిలి మేపే రోజులలో, వాటి మాంసం నూనె ఓడుతున్నదని కొనుగోలుదారులు ధర తగ్గించేవారు. ఆ ఫిర్యాదు నుండి పుట్టిన పరిశోధనలో భాగంగా ఎల్లిస్, ఇస్బెల్ 1926లో దాణాలోని నూనె స్వభావమే పంది శరీరపు కొవ్వు స్వభావాన్ని నిర్ణయిస్తుందని విశ్లేషణతో నిరూపించారు. అంతకు ముందే, 1901లో, డెన్మార్క్‌లో హెన్రిక్స్, హాన్సెన్ వీపు కొవ్వులోని బయటి పొర లోపలి పొర కంటె ఎక్కువ అసంతృప్తమని, చలిలో పెరిగిన పందిలో ఈ అసంతృప్తత ఇంకా ఎక్కువని చూపారు. చలికి కాపాడటానికి వారు ఒక పందికి గొర్రెతోలు కోటు తొడిగారు! వందేళ్లుగా పాఠ్యపుస్తకాలలో ఉన్న ఈ విషయం కొట్టం దగ్గర ఇచ్చే సలహాలో చోటు సంపాదించుకోకపోవడమే ఆశ్చర్యం.

తవుడు లెక్క ఒకసారి చూడవచ్చు. నూనె తీయని తవుడులో 15 శాతం నూనె ఉన్నదనుకుంటే, అందులో దాదాపు మూడో వంతు లినోలిక్ ఆమ్లం. దాణాలో ఈ తవుడు 40 శాతం కలిపితే, తవుడు ఒక్కటే కిలో దాణాకు సుమారు 20 గ్రాముల లినోలిక్‌ను చేరుస్తుంది. రోజుకు రెండున్నర కిలోలు తినే పందికి అది 50 గ్రాములు. దాణాలో నూనె పెరిగిన కొద్దీ పంది స్వంతంగా చేసుకునే గట్టి కొవ్వు తగ్గుతుంది కనుక దెబ్బ రెండు వైపుల నుండి పడుతుంది. నూనె తీసిన తవుడులో మిగిలేది ఒక శాతానికి అటూ ఇటూ నూనె మాత్రమే. సంచి మీద రెండింటికీ ‘తవుడు’ అనే రాసి ఉంటుంది. సలహా ఇచ్చేవారైనా ఏ తవుడో అడగాలి.

పట్టణాల అంచున పెరిగే పందుల సంగతి వేరు. వాటి దాణా హోటళ్ల మిగులు. బిర్యానీ అడుగు, వేపుడు నూనె, పారేసిన కూరలు అన్నీ కలిసిన ఆ తొట్టిలో పొద్దుతిరుగుడు నూనె పాలు ఎక్కువైన రోజున లినోలిక్ ఎక్కువ, పామాయిల్ ఎక్కువైన రోజున తక్కువ. 2020లో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ దేశంలోకి ప్రవేశించినప్పటి నుండి హోటల్ మిగులును బాగా మరిగించి పెట్టాలన్న హెచ్చరిక గట్టిగా వినిపిస్తున్నది. అది తప్పనిసరి. అయితే మరిగించడం వైరస్‌ను చంపుతుందే గాని నూనెను మార్చదు. పైకి తేలిన నూనెను తీసివేసి పెట్టమనడం అదే శ్వాసలో చెప్పదగిన మాట. ఖర్చు లేనిది.

ఇప్పుడు మరొక దాణా వస్తున్నది. మొక్కజొన్న నుండి ఇథనాల్ తీయగా మిగిలే డీడీజీఎస్. పిండిపదార్థం ఇథనాల్‌గా వెళ్లిపోతుంది, నూనె మిగులులో చిక్కబడుతుంది. నూనె తీయని సరుకులో అది 10 శాతం వరకు ఉంటుంది, అందులో సగానికి పైగా లినోలిక్. అమెరికాలో ఇథనాల్ పరిశ్రమ విస్తరించినప్పుడు ఇదే దాణాతో పందుల పొట్టభాగపు మాంసం మెత్తబడి, బేకన్ ముక్కలు సరిగా కోయలేక పరిశ్రమ ఇబ్బంది పడింది. వధకు కొన్ని వారాల ముందు దానిని ఆపడం వారు కనుగొన్న దారి. ఇక్కడ చవకగా దొరుకుతున్నదని సిఫారసు చేసేవారు ఆ అనుభవాన్ని కూడా కలిపి చెప్పడం న్యాయం.

జాతి మెరుగుదల కూడా ఈ సమస్యను తగ్గించదు, పెంచుతుంది. పలుచని కొవ్వు గల పందిలో స్వయంగా తయారైన కొవ్వు తక్కువ. అందువలన దాణా నుండి వచ్చిన లినోలిక్ వాటా పెరుగుతుంది. తిరుపతిలో రూపొందించిన టి-17 సంకరంలో లార్జ్ వైట్ యార్క్‌షైర్ వారసత్వం 75 శాతం. వీపు కొవ్వు మందం తగ్గడాన్ని విజయంగా లెక్కించే చోట, ఆ తగ్గిన కొవ్వు ఎలాంటిదన్న ప్రశ్న కూడా వేయవలసి ఉంది.

అసంతృప్త కొవ్వు గుండెకు మేలు కదా, మెత్తబడితే నష్టమేమిటన్న వాదన ఉంది. అది తేలికగా కొట్టివేయదగినది కాదు. స్పెయిన్‌లో ఓక్ గింజలు మేసిన ఐబీరియన్ పంది కొవ్వు గది వేడికే కరుగుతుంది. ఆ హామ్ అత్యంత ఖరీదైనది. కాని అక్కడ కొవ్వులో సగానికి మించి ఉండేది ఒలీయిక్ ఆమ్లం, లినోలిక్ కాదు. ఒకే ద్విబంధం గల ఒలీయిక్ కంటె రెండు గల లినోలిక్ గాలికి ఎన్నో రెట్లు వేగంగా ఆక్సీకరణ చెందుతుంది. ఉదయం కోసిన మాంసం శీతలీకరణ లేకుండా మధ్యాహ్నం దాకా కొక్కేనికి వేలాడే మన అంగళ్లలో లినోలిక్ ఇచ్చే ఆరోగ్య లాభం వినియోగదారుకు చేరకముందే ముక్కిన వాసనగా మారుతుంది. కనుక అయోడిన్ విలువ ఒక్కటే చూసి తీర్పు చెప్పడం కూడా తప్పుదారి పట్టించవచ్చు. అసంతృప్తత ఎంతో చెప్పే ఆ అంకె అది ఏ ఆమ్లం వలన వచ్చినదో చెప్పదు.

అసలు చిక్కు ధర దగ్గర ఉంది. కొనుగోలుదారు బరువు తూచి డబ్బిస్తాడు. గట్టి కొవ్వుకు రూపాయి ఎక్కువ ఇవ్వడు. అటువంటప్పుడు చవక తవుడు మాని నూకలు కొనమని పెంపకందారుకు చెప్పడం అతని జేబుతో ప్రయోగం చేయడమే అవుతుంది. తాజా మాంసంగానే అమ్ముడయ్యే పందికి ఆ సలహా అవసరం అంతగా లేదు. సాసేజ్, బేకన్, నిల్వ పచ్చడి చేసే స్వయం సహాయక బృందాలకు, చిన్న తయారీదారులకు పందులు సరఫరా చేసేవారికి అది అవసరం. వారికి కూడా పెంపకం అంతటా మార్పు అక్కరలేదు. కొవ్వు కూర్పు దాణా మార్చిన మొదటి కొన్ని వారాలలోనే గణనీయంగా మారుతుంది కనుక చివరి ఆరు నుండి ఎనిమిది వారాలు నూనె తీయని తవుడు స్థానంలో నూకలు, నూనె తీసిన తవుడు వాడితే సరిపోతుంది. అదనపు ఖర్చును ధరలో కలుపుకొనే ఒప్పందం ముందే జరగాలి.

పరిశోధన వైపు చేయవలసినది ఇంతకన్న తేలిక. దాణా ప్రయోగాల చివర వధ ఎలాగూ జరుగుతుంది, వీపు కొవ్వు మందం ఎలాగూ కొలుస్తారు. అదే చోటు నుండి తీసిన చిన్న ముక్క గ్యాస్ క్రొమటోగ్రఫీకి చాలు. అయితే ఆ ముక్క ఏ పక్కటెముక వద్దదో, బయటి పొరదో లోపలి పొరదో పట్టికలో రాయాలి. మూత్రపిండాల చుట్టూ ఉండే కొవ్వు వీపు కొవ్వు కంటె ఎప్పుడూ గట్టిదే; ఆ రెండింటినీ కలిపి సగటు తీసిన అంకె ఏ దాణా గురించీ ఏమీ చెప్పదు.