ఆకలి లెక్క, అదృష్టపు చీటీ

అమెరికన్ రచయిత్రి సుజాన్ కాలిన్స్ 2008లో ప్రకటించిన 'ది హంగర్ గేమ్స్' నవలను గురించీ, 2009లోనూ 2010లోనూ వెలువడిన దాని తరువాయి భాగాలను గురించీ మన సాహిత్య మిత్రులలో రెండు అభిప్రాయాలున్నాయి. కుర్రకారు కాలక్షేపానికి రాసిన కథకు విమర్శ ఎందుకని ఒక పక్షం. తిరుగుబాటును చిత్రించింది కాబట్టి ఇది విప్లవ సాహిత్యమేనని రెండవ పక్షం. రెండూ పొరపాటేనని నా వాదన. మొదటి పక్షంవారు పుస్తకం తెరవలేదు. రెండవ పక్షంవారు చివరిదాకా చదవలేదు.

కథ భావికాలపు ఉత్తర అమెరికాలో, పానెం అనే రాజ్యంలో జరుగుతుంది. కాపిటల్ అనే రాజధాని పన్నెండు జిల్లాల శ్రమ మీద బతుకుతుంది. ఒక జిల్లా బొగ్గు తవ్వాలి, ఒకటి పంట పండించాలి, ఒకటి బట్ట నెయ్యాలి. పూర్వం తిరగబడినందుకు శిక్షగా ఏటా జిల్లాకొక బాలుణ్ణీ ఒక బాలికనూ చీటీలు తీసి పంపాలి. ఆ ఇరవై నలుగురూ ఒకరు మిగిలేదాకా చంపుకోవాలి. దేశమంతా దాన్ని టెలివిజన్‌లో చూడాలి.

ఇంతవరకూ ఊహే. కాని ఆ చీటీల లెక్క చూడండి. పన్నెండేళ్ళు వచ్చిన ప్రతి పిల్ల పేరునా ఒక చీటీ పడుతుంది. పద్దెనిమిదేళ్ళ దాకా ఏటా ఒకటి పెరుగుతుంది. ఇంట్లో గింజలు లేనివారు అదనంగా ఒక చీటీ రాయించుకుంటే ఒక మనిషికి ఏడాదిపాటు ఏదో కొంత ధాన్యమూ, నూనే ఇస్తారు. ఆ చీటీలూ ఏటికేడు కూడుతూ పోతాయి. తండ్రిని బొగ్గుగని మింగగా తల్లినీ చెల్లెలినీ సాకుతున్న కాట్నిస్‌కు పదహారో ఏట 20 చీటీలున్నాయి. ఐదుగురి కుటుంబాన్ని మోస్తున్న గేల్‌కు పద్దెనిమిదో ఏట 42. పూట గడిచే ఇంటి పిల్లలకు ఈ అదనపు చీటీలతో పనే లేదు. చట్టం ముందు అందరూ సమానులే. చీటీల గోళంలో మాత్రం పేదవాడి పేరే ఎక్కువ. పైగా గనిపనివాడు దుకాణదారు బిడ్డను చూసి కుళ్ళుకోవాలనీ, ఇద్దరూ కాపిటల్ వైపు తలెత్తకూడదనీ ఈ ఏర్పాటు. ఈ మాట గేల్ నోటనే రచయిత్రి చెప్పించింది. దీన్ని కాలక్షేపమని కొట్టివేసేవారికి ఆకలి సంగతి తెలియదనుకోవాలి.

కాని ఇంత కచ్చితంగా లెక్క కట్టిన రచయిత్రి, తీరా చీటీ తీసే వేళ ఏం చేసింది? ఒకే ఒక చీటీ ఉన్న చెల్లెలు ప్రిమ్ పేరు తీయించింది! అక్క ఆమెకు బదులు తానే ముందుకు రావాలి గనుక కథకు ఇది అవసరమే కావచ్చు. కాని ఆకలి నడపవలసిన కథ ఆ క్షణం నుంచి అదృష్టం చేతిలో పడింది. వర్గం వెనక్కి పోయి వీరనాయిక ముందుకొచ్చింది.

మొదటి నవలలో ఒక్కచోట మాత్రం ప్రజలు నిజంగా మాట్లాడతారు. పదకొండవ జిల్లా వ్యవసాయపు జిల్లా. తాము పండించిన పంటను నోట వేసుకుంటే అక్కడ కొరడా దెబ్బలు. ఆ జిల్లా నుంచి వచ్చిన పన్నెండేళ్ళ రూ చనిపోతే కాట్నిస్ ఆ పిల్ల శవాన్ని పూలతో కప్పుతుంది. అప్పుడు ఆ జిల్లావారు పరాయి జిల్లా పిల్ల అయిన కాట్నిస్‌కు ఒక రొట్టె పంపుతారు. తిండికి లేనివాళ్ళు తమలాంటివాళ్ళకు తిండి పంపారు! మూడు నవలలలోనూ దీనికి మించిన రాజకీయం లేదు.

తరువాత ఆ రొట్టె పంపినవాళ్ళు ఏమయ్యారు? రెండవ భాగంలో కాట్నిస్‌కు మూడు వేళ్ళెత్తి వందనం చేశారు. ఈల వేసిన ముసలివాణ్ణి అక్కడే కాల్చిచంపారు. ఆపైన ఎనిమిదవ జిల్లా తిరగబడిందని కాట్నిస్ తెలుసుకునేది మేయరు ఇంట్లోని టెలివిజన్‌లో. మూడవ భాగంలో, రెండవ జిల్లా కొండ కూలిన రాత్రి, గాయపడి తుపాకి గురిపెట్టిన పనివాడితో ఆమె మాట్లాడుతుంది: మనిద్దరం కాపిటల్‌కు బానిసలం, మనకు మనకు పగెందుకని. ఆ సంభాషణ సాగితే నవల మరో దారి పట్టేది. కాని ఒక గుండు వచ్చి ఆమెకు తగులుతుంది, మాట తెగిపోతుంది.

రచయిత్రి తండ్రి వియత్నాం యుద్ధానికి వెళ్ళిన సైనికుడు. ఇరాక్ యుద్ధ దృశ్యాలూ, టెలివిజన్ పోటీలూ ఒకే రాత్రి చూస్తుండగా ఈ కథ తట్టిందని ఆమే చెప్పింది. యుద్ధం పట్ల ఆమె ఏవగింపు నిజాయితీ గలది. తిరుగుబాటు నాయకురాలు కాయిన్ కాపిటల్ పిల్లలతోనూ అదే ఆట ఆడించబోవడాన్ని చూపినందుకు నేను తప్పు పట్టను. విప్లవం పేరిట జరిగే నేరాలను దాచిపెట్టడం అభ్యుదయం కాదు. నా ఆక్షేపణ వేరు. కాయిన్‌ను ఆపడానికి గనిపనివాళ్ళు లేరు, రైతుకూలీలు లేరు. ఉన్నది ఒక పిల్ల చేతి బాణం. ఆ తరువాత జరిగిన ఎన్నిక సంగతి ఇతరుల నోట ఒక ముక్కలో వింటాం. ప్రజలు పాలకురాలిని ఎన్నుకోవడం వదంతి, పాలకురాలిని చంపడం పతాకసన్నివేశం! చెడ్డ నాయకుణ్ణి చంపి ఇంటికి పోయి గాయాలు మాన్పుకోవడమే ముగింపని యువపాఠకుడికి చెప్పినట్లయింది.

అయితే పాఠకులు రచయిత్రి ఆగినచోట ఆగలేదు. 2013లో రెండవ సినిమా వచ్చినప్పుడు కవర్‌గర్ల్ కంపెనీ కాపిటల్ పేరిటే అలంకరణ సామగ్రి అమ్ముకుంది. వ్యాపారం తనకు కావలసినది తాను ఏరుకుంది. 2014 మేలో థాయిలాండ్‌లో సైన్యం అధికారం కాజేసినప్పుడు జనం ఆ మూడు వేళ్ళను వీధుల్లోకి తెచ్చారు. నవంబరులో ఖోన్ కేన్‌లో ప్రధాని ఎదుట ఆ వేళ్ళెత్తిన ఐదుగురు విద్యార్థులను నిర్బంధించారు. 2021లో మయన్మార్‌లో సైన్యపు దౌర్జన్యానికి ఎదురు నిలిచినవారు, ఆసుపత్రి సిబ్బందితో సహా, అదే వందనం చేశారు. వాళ్ళెవరూ వీరనాయిక కోసం కాచుకు కూర్చోలేదు.

కనుక ఈ పుస్తకాన్ని పిల్లల చేతుల్లోంచి లాగెయ్యనూ వద్దు, నెత్తిన పెట్టుకు ఊరేగనూ వద్దు. చదవనివ్వండి. చదివాక ఒక్క ప్రశ్న వెయ్యండి: పదకొండవ జిల్లాలో రొట్టెకు చందా వేసినవాళ్ళ పేర్లేమిటి? ఆ పేర్లు మూడు నవలలలోనూ లేవు. ఆ పేర్లతో మొదలయ్యే నవల ఇంకా రాయవలసి ఉంది.